బ్రీడ్ కాలమ్‌లో ఏం రాయాలి?



ఈ వారం రాయాల్సింది వేరే ఉంది. హాస్టల్ మెస్ చార్జీల మీద సగం రాసి పెట్టుకున్నాను. కానీ సోమవారం క్లాసయ్యాక మా ఫైనలియర్ కుర్రాడొకడు వచ్చి నవ్వుతూ ఒక సంగతి చెప్పాడు. ఆ నవ్వు మూడు రోజులుగా నన్ను వదల్లేదు. అందుకని ఈసారి కుక్కల గురించి, కొండదారుల గురించి రాస్తున్నాను. మేడమ్‌కి వేరే పని లేదా అనుకోకండి. చివరిదాకా చదవండి.

విశాఖపట్నంలో ఉన్నవాళ్ళకి తెలుసు, ఈ ఊరికి ఒకపక్క సముద్రం, మిగతా పక్కల కొండలు. కైలాసగిరి, యారాడ కొండ, సింహాచలం కొండ, కంబాలకొండ, భీమిలి రోడ్డులో తొట్లకొండ, బావికొండ. ఈమధ్య ఆదివారం తెల్లారేసరికి కొండల కింద కార్లు ఆగుతున్నాయి. బూట్లు, నీళ్ళ సీసాలు, వాటితోపాటు కుక్కలు. లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, ఈ ఉక్కపోతలో నాలుక బయటపెట్టి రొప్పే హస్కీలు. "డాగ్ ఫ్రెండ్లీ ట్రెయిల్" అనే మాట అలా మన ఊరికీ వచ్చింది. కుక్కను వెంటబెట్టుకుని ఇబ్బంది లేకుండా ఎక్కి దిగగలిగే దారి అని అర్థం. నగరానికి దగ్గర్లో అలాంటి దారులు గుర్తించాలి, బోర్డులు పెట్టాలి, కుక్కలకి నీటి తొట్లు కట్టాలి అని అడిగేవాళ్ళు పెరుగుతున్నారు.

అడగడంలో తప్పేం లేదు. ఇరుకు ఫ్లాట్లలో పెరిగే ప్రాణికి కాస్త మట్టి, గాలి కావాలి. దాన్ని పెంచే మనిషికీ కావాలి.

మా కుర్రాడు అలాంటి ఒక నడక బృందం పెట్టిన ఫారం నింపాడు. మనిషి పేరు, ఫోన్ నంబరు, కుక్క పేరు, బ్రీడ్, టీకా వివరాలు. కుక్క పేరు టైగర్ అని రాశాడు. బ్రీడ్ దగ్గర "ఊరకుక్క" అని రాశాడు. ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించిన కార్డు ఫొటో తీసి పెట్టాడు. ఆదివారం ఐదున్నరకల్లా టైగర్‌కి నైలాన్ తాడు కట్టి, కొండ కిందికి నడిపించుకుంటూ వెళ్ళాడు.

అక్కడ ఒకాయన మర్యాదగానే మాట్లాడాడట. "ఇది పెట్స్ కోసం బ్రదర్. స్ట్రీట్ డాగ్ వస్తే మావాటికి ఇన్ఫెక్షన్ వస్తుంది." వీడు కార్డు తీసి చూపించాడు. ఆయన కార్డు చూడలేదు. వీణ్ణి చూశాడు. "ఎక్కడుంటావ్?" అన్నాడు. వీడు కాలనీ పేరు చెప్పాడు. "ఓ, అక్కడా" అన్నాడట.

మిత్రులారా, ఆ "ఓ, అక్కడా" మనకి కొత్త కాదు. అద్దె ఇంటికి వెళ్ళినప్పుడు విన్నాం. ఇంటర్వ్యూలో విన్నాం. పేరు చెప్పాక ఇంటిపేరు, ఇంటిపేరు చెప్పాక ఊరు, ఊరు చెప్పాక ఊళ్ళో ఏ వైపు అని అడిగే వరసలో అది చివరి మెట్టు.

ఇదంతా చెప్పి వాడు నవ్వాడు. "నన్నేం అనలేదు మేడమ్. టైగర్‌నే అన్నారు" అన్నాడు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మాది విజయనగరం జిల్లాలో కొండ కింద ఊరు. ఊరు దాటాక చెరువు, చెరువు దాటాక మా పేట, పేట దాటాక శ్మశానం, శ్మశానం వెనక కొండ. మా అమ్మ, పెద్దమ్మ, ఇంకో నలుగురైదుగురు చీకటితోనే కట్టెలకి కొండెక్కేవారు. ముందు నల్లోడు నడిచేవాడు. నల్లోడు అంటే మా కుక్క. మా కుక్క అంటే మా ఇంటి కుక్క కాదు, పేట కుక్క. ఏ ఇంట్లో గంజి మిగిలితే ఆ ఇంటిది. పాము కనబడితే కదలకుండా నిలబడి గుర్రుమనేది. పొదలో ఏదైనా కదిలితే ముందుకి పోయి మొరిగి వచ్చేది. దిగేటప్పుడు అందరికన్నా వెనక ఉండేది. ఎవరూ నేర్పలేదు. దానికి తాడు లేదు, పట్టీ లేదు. ఆడవాళ్ళు ఆగితే ఆగేది, నడిస్తే నడిచేది.

ఒకరోజు అమ్మావాళ్ళని గార్డు పట్టుకున్నాడు. మోపులు దింపించాడు. కత్తులు లాక్కున్నాడు. డబ్బులు కట్టించుకుని వదిలాడు. అమ్మకి అది వారం కూలి. ఇంటికొచ్చి అమ్మ ఏడవలేదు. ఒకే మాట పదిసార్లు అంది: "ఎండుపుల్లలే గదా బాబూ, నానేటి దొంగతనం సేసినాను? నల్లోడు కూడా కొండెక్కినాడు, ఆడినేటీ అన్లేదే."

అమ్మ నడిచినప్పుడు ఆ దారికి పేరు లేదు. ఉన్నది కేసు. అలాంటి దారిలోనే ఇవాళ బూట్లేసుకుని నడిస్తే ట్రెక్కింగ్. కట్టెలమోపుతో దిగితే నేరం, లాబ్రడార్‌తో దిగితే ప్రకృతి ప్రేమ. డాగ్ ఫ్రెండ్లీ ట్రెయిల్ అంటున్నారే, దాన్ని మా పేట ఆడవాళ్ళు ఎప్పుడో వేశారు. బోర్డే పెట్టలేదు.

నేను తెలుగు పాఠం చెప్పే మనిషిని కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. సుమతీ శతకంలో కుక్కని బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టే పద్యం మీకందరికీ వచ్చు. చిన్నప్పుడే బట్టీ పట్టించారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇప్పుడున్న కాలేజీ కాదు, స్టాఫ్ రూములో రోస్టర్ పాయింట్ల మీద మాట వచ్చింది. సీనియర్ ఒకాయన ఆ పద్యం ఎత్తుకుని మొదటి పాదం చదివి ఆపేశాడు. మిగతా మూడు పాదాలు అందరికీ వచ్చు కాబట్టి ఆపేశాడు. అందరూ నవ్వారు. ఆ గదిలో తెలుగులో పీహెచ్‌డీ ఉన్నది నాకే. ఆ పద్యం ఎవరి గురించో నాకు అర్థం కాదనుకున్నారు.

మనిషినీ కుక్కనీ ఇలా ముడిపెట్టడం పాత పనే. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుణ్ణి ఊరి బయట ఉంచి, అతనికి ఆస్తి ఏమిటంటే కుక్కలూ గాడిదలూ అని రాసింది. శ్వపచుడు అని పేరు పెట్టింది. కుక్కని వండుకు తినేవాడని దాని అర్థం. ముందు కుక్కని మనకి అంటగట్టారు, తర్వాత మనల్నే కుక్క అన్నారు.

కానీ అదే సమాజం అవసరమైతే కుక్కకి ఇచ్చిన దారి మనకి ఇవ్వలేదు. మహద్ గుర్తు తెచ్చుకోండి. ప్రభుత్వ చెరువులూ బావులూ అంటరానివాళ్ళకీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అంది. కాగితం మీద అంది, అంతే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగేదాకా మనవాళ్ళ చెయ్యి ఆ చెరువులో పడలేదు. పశువులు తాగితే మైలపడని చెరువు మనుషులు తాగితే మైలపడిందని, పేడా గోమూత్రం కలిపిన కుండలు పోసి శుద్ధి చేశారు. కోర్టులో కేసు 1937లో హైకోర్టు తీర్పుదాకా నడిచింది. గుర్రం జాషువా 'గబ్బిలం'లో అంటరానివాడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపడం కూడా ఇందుకే. తను పోలేని గుడిలోకి గబ్బిలం పోగలదు.

జంతువుకున్న దారి మనిషికి లేకపోవడం పాత కథ. జంతువుల్లోనే ఇంటి కుక్క వేరు, పేట కుక్క వేరు అని గీత గీసి, ఆ గీతని తాడు పట్టుకున్న మనిషి దాకా లాగడం కొత్త కథ. టైగర్‌నే అన్నారు మేడమ్ అని మావాడు నవ్వుతున్నాడు గానీ, ఆ బ్రీడ్ కాలమ్ టైగర్ కోసం పెట్టింది కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఊరకుక్కలు ప్రమాదం కాదా మేడమ్ అని. ప్రమాదమే. దాన్ని దాచి ప్రేమ కబుర్లు చెప్పను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వాచ్‌మన్‌గా పనిచేసే తండ్రి వెంట వెళ్ళిన నాలుగేళ్ళ బిడ్డని వీధికుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసి నిద్రపోలేని రాత్రులు మనందరికీ ఉన్నాయి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. వీధికుక్క కరిస్తే కరిచేది కారులో తిరిగేవాణ్ణి కాదు. నైట్ డ్యూటీ దిగి నడిచొచ్చేవాణ్ణి, చెత్త ఎత్తే అక్కని, బడికి నడిచి పోయే మన పిల్లల్ని. అందుకే కుక్కలకి టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు కావాలని మనమే ముందు అడగాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు ఆ బాధ్యతని స్థానిక సంస్థల మీదే పెట్టాయి. ఆ బండి మన పేటకి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క అడగండి.

అయితే టైగర్ సంగతి అది కాదు. దానికి టీకా ఉంది, తాడు ఉంది, పట్టుకున్న మనిషి ఉన్నాడు. లేనిది బ్రీడ్ ఒక్కటే. రోగం భయమే అయితే కార్డు చూసేవాడు కదా. కార్డు చూడకుండా కాలనీ అడిగాడంటే ఆ భయం రోగం గురించి కాదు.

నిజంగా భయపడాల్సిన చోటు వేరే ఉంది. కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం రాజుల ఏలుబడిలో ఉన్న అడవి, ఇప్పుడు సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. చిరుతలున్నాయి. అక్కడికి ఏ కుక్కా పోకూడదు. లక్ష రూపాయల కుక్కా పోకూడదు, టైగరూ పోకూడదు. కుక్క వాసనకి, అరుపుకి అడవి జంతువులు మేత వదిలి పారిపోతాయి. చిరుతకి కుక్క ఇష్టమైన వేట, దాని రుచి మరిగితే ఊళ్ళలోకి దిగుతుంది. ఇంకా పెద్ద సంగతి రోగాలు. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొద్ది వారాల్లో 20కి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నిటిలో కుక్కలకి వచ్చే డిస్టెంపర్ వైరస్ దొరికింది. 1994లో ఆఫ్రికాలో సెరెంగెటి సింహాల్లో మూడోవంతు ఇదే జబ్బుకి పోయాయి.

ఇక్కడ చట్టం ఎలా ఉందో చూడండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 33ఎ సెక్షన్ ఉంది. అభయారణ్యంలోనూ దానికి ఐదు కిలోమీటర్ల లోపలా ఉండే పశువులకి అంటురోగాల టీకాలు వేయించాలి, టీకా లేని పశువుని లోపల మేపకూడదు. మంచిదే. పశువులంటే ఏవో కూడా అదే చట్టం చెప్పింది. ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలు, గాడిదలు, పందులు వగైరా. ఆ జాబితాలో కుక్క లేదు. మేకల కాపరి మేకకి చట్టంలో సెక్షన్ ఉంది, కారు దిగే కుక్కకి అక్కడ మాటే లేదు. చట్టం రాసినవాళ్ళకి అడవికి ప్రమాదం అనగానే ఎవరు గుర్తొచ్చారో దీన్నిబట్టే తెలుస్తుంది.

కుక్క కోసం మనుషుల్ని ఖాళీ చేయించడం కూడా చూశాం. 2022 మేలో ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో ఒక ఐఏఎస్ అధికారి కుక్కతో నడవడానికి సాయంత్రం ఏడింటికే తమని బయటికి పంపేస్తున్నారని క్రీడాకారులు, కోచ్‌లు చెప్పినట్టు పత్రికలో వచ్చింది. ఆయన ఆ ఆరోపణ కాదన్నాడు. కేంద్రం ఆయన్ని లడఖ్‌కీ, అధికారే అయిన ఆయన భార్యని అరుణాచల్‌కీ బదిలీ చేసింది. లడఖ్‌వాళ్ళు, అరుణాచల్‌వాళ్ళు ఏం పాపం చేశారో ఎవరూ చెప్పలేదు. పరుగు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల సంగతీ ఎవరికీ పట్టలేదు.

ఇంకొకటి, ఎవరూ మాట్లాడనిది. దారి అంటే నడక ఒక్కటే కాదు, కుక్క దొడ్డికి కూడా పోతుంది. అది ఎవరు ఎత్తుతారు? పొద్దున్నే వాహనాలు ఆపేసే మన బీచ్ రోడ్డు మీద నిలబడి చూడండి. తాడు పట్టుకున్న చేతిలో ఫోనుంటుంది, సంచి ఉండదు. వెనకాల చీపురు పట్టుకుని వచ్చే అమ్మ ఎవరో, ఏ పేట నుంచి వచ్చిందో నేను చెప్పాలా? మనిషి మలం మనిషి చేత ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. కుక్క మలం గురించి అందులో ఏమీ లేదు. కొండదారి మీదా ఇదే జరగబోతోంది. బోర్డు పెట్టిన మర్నాడు "శుభ్రం చెయ్యడానికి మనిషిని పెట్టాలి" అంటారు. ఆ మనిషి ఎవరో ఫారంలో అడగరు. అడక్కుండానే తెలుసు.

ఇప్పుడు తొట్లకొండ సంగతి. భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న బౌద్ధ క్షేత్రం. 1970ల్లో నౌకాదళం సర్వే చేస్తుంటే బయటపడింది. 1988 నుంచి తవ్వకాలు జరిగాయి. వాననీళ్ళు పట్టుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లు ఇంకా ఉన్నాయి, వాటివల్లే ఆ పేరు. బావికొండకి కూడా నీటి బావుల వల్లే ఆ పేరు వచ్చింది. మంగలి ఉపాలినీ, పాకీపని చేసే సునీతుణ్ణీ తనలో కలుపుకున్న సంఘం వాళ్ళది. చవదార్ చెరువు పక్కన పెట్టి చూడండి ఈ తొట్లని.

ఆ బౌద్ధుల కథల్లో కుక్కుర జాతకం ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో సుమతి పద్యం ఉంది గానీ ఇది లేదు. రాజుగారి రథం రాత్రి వానలో తడిసింది. నానిన తోలు పట్టీల్ని కుక్కలు నమిలేశాయి. బయటి కుక్కలు తూములోంచి దూరి తిన్నాయని నౌకర్లు చెప్పారు. ఊళ్ళో కనబడిన కుక్కనల్లా చంపమన్నాడు రాజు. కోటలో పెంచే మేలుజాతి కుక్కల్ని మాత్రం ముట్టుకోలేదు. చావు తప్పిన కుక్కలు శ్మశానంలో ఉండే తమ పెద్ద దగ్గరికి పోయి ఏడ్చాయి. ఆ పెద్ద కుక్కే బోధిసత్వుడు. ఒంటరిగా సభకి పోయి రాజుని అడిగాడు: తిన్నది ఏ కుక్కో నీకు తెలుసా? తెలీదు. మరి అన్నిటినీ చంపుతున్నావా? కోట కుక్కల్ని తప్ప. అయితే ఇది న్యాయం ఎలా అవుతుంది అన్నాడు. గడ్డి, మజ్జిగ కలిపి కోట కుక్కలకి పట్టించమన్నాడు. అవి తోలు ముక్కలు కక్కేశాయి. రాజు తన తెల్లగొడుగు తీసి ఆ శ్మశానం కుక్కకి పట్టాడు. రాజ్యాధికారానికి గుర్తు ఆ గొడుగు.

ఒక కథలో కుక్కని సింహాసనం ఎక్కించి నవ్వుకుంటారు. ఇంకో కథలో కుక్క న్యాయం అడిగితే రాజు గొడుగు అప్పగిస్తాడు. రెండూ ఈ దేశపు సాహిత్యమే. మనకి ఏది బట్టీ పట్టించారో చూడండి. మా పేట కూడా శ్మశానం పక్కనే కాబట్టి, ఆ పెద్ద కుక్క ఏ వైపు నుంచి మాట్లాడిందో నాకు బాగా తెలుసు.

కాబట్టి డాగ్ ఫ్రెండ్లీ దారులు అడిగేవాళ్ళకి మనం అడ్డుపడొద్దు. మన మాట కూడా అందులో కలుపుదాం.

ఒకటి. అభయారణ్యంలోకి, తవ్వకాలు జరిగిన బౌద్ధ క్షేత్రాల్లోకి ఏ కుక్కా వద్దు. మిగతా కొండదారులే చూసుకోండి.

రెండు. ఆ దారుల్లో కుక్కకి టీకా అడగండి, పొట్టి తాడు అడగండి, కరిచే అలవాటుంటే మూతికి బుట్ట అడగండి. బ్రీడ్ అడగొద్దు. కాలనీ అసలే అడగొద్దు.

మూడు. ఎవరి కుక్క మలం వాళ్ళే ఎత్తి, సంచిలో కిందికి తెచ్చుకోవాలి. చెయ్యలేనివాళ్ళు కుక్కని ఇంట్లో ఉంచాలి.

నాలుగు. కొండ కింద ఊరివాళ్ళని అడక్కుండా బోర్డు పెట్టొద్దు. మేకలు తోలేవాళ్ళకి, ఎండుపుల్లలు ఏరేవాళ్ళకి ఆ దారి మొదట చెందాలి. గేటు వద్దు, టికెట్టు వద్దు. కుక్కకి నీటి తొట్టి కడితే పక్కనే మనిషికి కుళాయి పెట్టండి.

ఐదు. ఇంటి కుక్కకి దారి అడిగే గొంతుతోనే పేట కుక్కకి ఏటేటా టీకా, కరిచినవాళ్ళకి ప్రభుత్వాసుపత్రిలో ఇంజక్షను కూడా అడగండి. అప్పుడు మీ జంతుప్రేమని నమ్ముతాం.

విద్యార్థులకి ఒక మాట. మీలోనూ కుక్కల్ని పెంచేవాళ్ళున్నారు. తీసుకెళ్ళండి. తెల్లవారుజామునే ఎక్కి ఎండ ముదరకముందే దిగిపోండి, రాయి కాలితే దాని పాదాలు బొబ్బలెక్కుతాయి. దానికీ నీళ్ళు పట్టుకెళ్ళండి. దిగాక చెవుల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు చూసి తీసెయ్యండి. మేకల మంద కనబడితే తాడు దగ్గరికి లాక్కుని పక్కకి జరగండి. ఆ దారి ముందు వాళ్ళది. ఎవరైనా ఫారం ఇస్తే, బ్రీడ్ కాలమ్‌లో మావాడు రాసిందే రాయండి. సిగ్గుపడి కొట్టెయ్యకండి.

నిన్న రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది.

"ఆ గుంటడు కుక్కనక్కడే ఒగ్గీసి ఆలతో ఎల్లినాడా, ఎనక్కొచ్చీసినాడా?"

"దాన్ని తీసుకుని వెనక్కొచ్చేశాడమ్మా."

"మంచోడే. ఆదోరం మనూరు తీసుకురా. కొండ నాను సూపిస్తాను."

ఈ ఆదివారం వెళ్తున్నాం. నేను, మా కుర్రాడు, టైగర్. ముందు అమ్మ నడుస్తుంది.

జై భీమ్.